బ్యాంకాక్‌కి మొదటిసారి: టికెట్ కొనకముందు నుంచి తిరుగు విమానం దాకా

బ్యాంకాక్ ప్లాన్ అనగానే మనవాళ్లు ముందు చూడాల్సిన చోట్ల జాబితా రాస్తారు. ఇరవై పేర్లు వస్తాయి. ఆ తర్వాత వాటిని రోజుకు ఐదు చొప్పున పంచుకుంటారు. అక్కడికి వెళ్లాక రెండో రోజు సాయంత్రానికే జాబితా మూలపడుతుంది, ఎందుకంటే సగం రోజు ట్రాఫిక్‌లో పోతుంది. సాయంత్రం ఆరింటికి సుఖుమ్‌విత్ రోడ్డు మీద ఐదు కిలోమీటర్లు కారులో వెళ్లడానికి గంట పట్టినా ఆశ్చర్యం లేదు. అదే దూరం పైన వెళ్లే రైలుకు పావుగంట కూడా పట్టదు.

అందుకే నా సలహా కొంచెం వేరు. ముందు ఊరి రైలు మ్యాప్ తెరవండి, పక్కనే నదిని చూసుకోండి. ఎక్కడ ఉండాలి, ఏ రోజు ఎటు వెళ్లాలి అన్నవి ఆ రెండింటిని బట్టే తేలతాయి. చూడాల్సిన చోట్లు వాటి వెనకే వస్తాయి. ఈ మార్గదర్శి హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో ప్యాకేజీ లేకుండా, సొంతంగా, మొదటిసారి వెళ్లేవాళ్ల కోసం.

1. ఎప్పుడు, ఎన్ని రోజులు

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది. అందరికీ అదే తెలుసు కాబట్టి డిసెంబర్ చివరి వారంలో గదుల అద్దెలు బాగా పెరుగుతాయి. జనవరి నుంచి మార్చి మధ్య కొన్ని రోజులు గాలిలో సన్నటి ధూళి ఎక్కువగా ఉంటుంది; ఆస్తమా ఉన్నవాళ్లు మాస్కులు పెట్టుకోవాలి. మార్చి నుంచి మే దాకా ఎండ. మన విజయవాడ మే నెలకు ఏమీ తీసిపోదు, పైగా ఉక్క. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సోంగ్‌క్రాన్, అంటే థాయ్ సంవత్సరాది. మూడు రోజులు వీధుల్లో ఒకరి మీద ఒకరు నీళ్లు పోసుకుంటారు. కుర్రాళ్లకు పండగే, చిన్న పిల్లలతో వెళ్లేవాళ్లకు మాత్రం కష్టం.

వానలు మే చివర్లో మొదలై అక్టోబర్ దాకా ఉంటాయి. సెప్టెంబర్, అక్టోబర్లలో గట్టిగా పడతాయి. మిగతా నెలల్లో ఎక్కువగా సాయంత్రం పూట ఒకటి రెండు గంటలు దంచి ఆగిపోతుంది. ఏప్రిల్, జూలైలలో ఒకటి ఎంచుకోమంటే నేను జూలైకే ఓటేస్తాను. గదులు చవక, జనం తక్కువ.

తేదీల విషయంలో పట్టు లేకపోతే కార్తీక పౌర్ణమి సమయం చూడండి. లోయ్ క్రథోంగ్ పండగ సాధారణంగా అదే పౌర్ణమికి వస్తుంది. అరటి బోదె ముక్క మీద పూలు, వత్తి, అగరొత్తి పెట్టి చావ్ ప్రాయా నదిలో వదులుతారు. గోదావరి గట్టున అరటి డొప్పల్లో దీపాలు వదిలినవాళ్లకు అక్కడ ఎవరూ ఏమీ వివరించి చెప్పనక్కర్లేదు.

రోజుల సంఖ్య: ఊరికి మూడు, పాత రాజధాని అయుత్తయకు ఒకటి. మొత్తం నాలుగు పూర్తి రోజులు. "పట్టాయా కూడా కలుపుకోవచ్చు కదా" అని ట్రావెల్ ఏజెంటు తప్పకుండా అంటాడు. మన దగ్గర బ్యాంకాక్–పట్టాయా అన్నది జంటపదం అయిపోయింది. నాలుగైదు రోజుల్లో రెండూ పెడితే బస్సు ప్రయాణానికీ, గదులు మారడానికీ దాదాపు ఒక రోజు పోతుంది. మొదటిసారికి పట్టాయా వదిలేయండి. సముద్రం కావాలంటే ఇంకోసారి దానికోసమే వెళ్లొచ్చు.

2. కాగితాలు

పాస్‌పోర్టుకు ఇంకా కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. వీసా సంగతి: 2023 నవంబర్ నుంచి భారతీయులకు వీసా లేకుండా 30 రోజుల అనుమతి ఇచ్చారు, 2024 జూలైలో దాన్ని 60 రోజులకు పెంచారు. ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి. అందుకే టికెట్ కొనే రోజే థాయ్ రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో చూసుకోండి. వాట్సాప్‌లో తిరిగే సమాచారాన్ని నమ్ముకోవద్దు.

2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. టీడీఏసీ అంటారు. దిగే రోజుకు ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. పాస్‌పోర్టు వివరాలు, విమానం నంబరు, మొదట దిగే హోటల్ చిరునామా అడుగుతారు. పిల్లలకు కూడా విడిగా ఉండాలి. దీనికి ఒక్క రూపాయి కూడా కట్టనక్కర్లేదు. ప్రభుత్వ సైటులాగే కనిపిస్తూ డబ్బులు అడిగే నకిలీ సైట్లు ఉన్నాయి, కాబట్టి చిరునామా చివర థాయ్ ప్రభుత్వ డొమైన్ ఉందో లేదో చూసుకుని మొదలుపెట్టండి.

తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ కాగితం మీద ప్రింట్ తీసి పెట్టుకోండి. ఖర్చులకు డబ్బుందా అని అడిగే హక్కు అధికారికి ఉంది. మనిషికి 20 వేల బాట్‌ల (బాట్ అంటే థాయ్ కరెన్సీ) విలువ నగదుగానో ఇంకో రూపంలోనో చూపించగలిగితే టెన్షన్ ఉండదు.

మన దగ్గర మాత్రమే ఎదురయ్యే సంగతి ఇంకోటి ఉంది. పదో తరగతి చదవనివాళ్ల పాస్‌పోర్టు చాలాసార్లు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ కావాల్సిన) రకంది అయి ఉంటుంది. ఉద్యోగానికి వెళ్తే క్లియరెన్స్ తీసుకోవాల్సిన దేశాల జాబితాలో థాయ్‌లాండ్ ఉంది. టూరిస్టుగా వెళ్లేవాళ్లకు ఆ క్లియరెన్స్ అక్కర్లేదు, కానీ ఇక్కడి ఇమిగ్రేషన్ కౌంటర్లో ప్రశ్నలు కొన్ని ఎక్కువ పడొచ్చు. అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే వాళ్లను మీతోనే ఒకే కౌంటర్‌కు తీసుకెళ్లండి, బుకింగ్‌లన్నీ వాళ్ల చేతిలో కూడా ఒక కాపీ పెట్టండి. ఒంటరిగా వెళ్లే యువకులను కాస్త గట్టిగానే అడుగుతున్నారు. దానికి కారణం ఉంది. బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి తీసుకెళ్లి, సరిహద్దు దాటించి మయన్మార్‌లోని సైబర్ మోసాల శిబిరాల్లో పెట్టిన కేసుల్లో తెలుగు రాష్ట్రాల కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. "టూరిస్టుగా వచ్చేయ్, ఇక్కడికొచ్చాక ఉద్యోగం చూద్దాం" అని ఎవరైనా అంటే వెళ్లొద్దు.

3. విమానం

హైదరాబాద్ నుంచి నేరుగా మూడున్నర గంటల ప్రయాణం. విశాఖ నుంచి 2024లో నేరుగా ఒక సర్వీసు మొదలైంది. మీరు వెళ్లే నెలలో అది ఉందో లేదో చూసుకోండి. థాయ్ సమయం మనకంటే గంటన్నర ముందుంటుంది. రాత్రి బయల్దేరే విమానాలు తెల్లవారుజామున దించుతాయి, గది మాత్రం మధ్యాహ్నం రెండింటికి గానీ ఇవ్వరు. సామాను హోటల్లో పెట్టి తిరగొచ్చు గానీ, పెద్దవాళ్లుంటే ముందు రాత్రి నుంచే గది తీసుకోవడం మంచిది.

బుక్ చేసేటప్పుడు ఏ విమానాశ్రయమో చూడండి. సువర్ణభూమి పెద్దది, ఊరికి తూర్పున ఉంది. డాన్ మువాంగ్ ఉత్తరాన ఉంది, చవక విమానాలు ఎక్కువగా అక్కడే దిగుతాయి. వెళ్లేది ఒకదానికి, వచ్చేది ఇంకోదాని నుంచి అయితే చివరి రోజు దారి మారిపోతుంది.

4. గది ఎక్కడ తీసుకోవాలి

మొత్తం ప్లాన్‌లో ఎక్కువ సమయం పెట్టాల్సింది దీనికే. ఒక్క నియమం పెట్టుకోండి: బీటీఎస్ (పైన వెళ్లే రైలు) స్టేషన్‌కో ఎంఆర్‌టీ (మెట్రో) స్టేషన్‌కో ఐదారు నిమిషాల నడక లోపల ఉండాలి. హోటల్ పేజీలో "సిటీ సెంటర్ నుంచి 2 కి.మీ." అని రాసేదాన్ని పట్టించుకోవద్దు. ఈ ఊరికి ఒక సెంటర్ అంటూ లేదు. మ్యాప్‌లో స్టేషన్ నుంచి హోటల్ గుమ్మం దాకా నడక దారి కొలుచుకోండి.

మనవాళ్లు ఎక్కువగా దిగేది ప్రతూనామ్‌లో. హోల్‌సేల్ బట్టల మార్కెట్ అక్కడే, ఇండియన్ హోటళ్లు చుట్టూ ఉన్నాయి, గదులు చవక. షాపింగ్ కోసమే వెళ్తే సరైన చోటే. కానీ బీటీఎస్‌కు కొంచెం నడవాలి, ఆ చౌరస్తా ట్రాఫిక్ భయంకరం. అక్కడ దిగేవాళ్లకు ఒక ఉపాయం చెప్తాను. పక్కనే సేన్ సేప్ కాలువ ఉంది. అందులో తిరిగే పడవ ఎక్కితే పాత ఊరి అంచున ఉన్న ఫాన్ ఫా దగ్గర దిగొచ్చు. టికెట్ చాలా తక్కువ. నీళ్లు శుభ్రంగా ఉండవు, ముఖం మీద పడకుండా పక్కన ప్లాస్టిక్ తెర లాక్కుంటారు, కానీ ట్రాఫిక్ అన్నదే ఉండదు.

మొదటిసారి వెళ్లే కుటుంబానికి నేను చెప్పేది అసోక్ చుట్టుపక్కల. బీటీఎస్, ఎంఆర్‌టీ రెండూ అక్కడ కలుస్తాయి. ఒక స్టేషన్ ఇటు నానా, ఒక స్టేషన్ అటు ఫ్రోమ్ ఫోంగ్. ఇండియన్ భోజనం నడిచి వెళ్లేంత దూరంలో దొరుకుతుంది. నానాలో కొన్ని వీధులు రాత్రిపూట బార్లతో వేరేగా ఉంటాయి. పిల్లలతో వెళ్తుంటే నానా స్టేషన్ పక్క గది చూసి, అద్దె తక్కువని సంబరపడి బుక్ చేయొద్దు. సీలోమ్, సాథోన్ ప్రాంతాలు ప్రశాంతంగా ఉంటాయి, నదికి కూడా దగ్గర. ఖావోసాన్ రోడ్డు బ్యాక్‌ప్యాకర్లది. దగ్గర్లో రైలు స్టేషన్ లేదు, రాత్రి సంగీతం ఆగదు.

వీధుల లెక్క తెలిస్తే వెతుక్కోవడం సులువు. పెద్ద రోడ్డు నుంచి చీలే సందును సోయ్ అంటారు. సుఖుమ్‌విత్ మీద బేసి సంఖ్యల సోయ్‌లు ఒక వైపు, సరి సంఖ్యలవి ఇంకో వైపు. సోయ్ 23కి ఎదురుగా సోయ్ 24 ఉంటుందనుకోవద్దు, రెండు వైపులా లెక్క ఒకే వేగంతో నడవదు.

5. డబ్బు, ఫోన్

బాట్ విలువ మూడు రూపాయలకు దగ్గరగా ఉంటోంది. లెక్కకు మూడుతో గుణించుకుంటే చాలు. ఇక్కడ కొద్దిగా బాట్‌లు మార్చుకుని, మిగతాది ఫోరెక్స్ కార్డులో పెట్టుకోవడం మంచి పద్ధతి. సువర్ణభూమిలో బయటికి వచ్చే చోట ఉన్న కౌంటర్ల రేటు తక్కువ. కింది అంతస్తులో, రైలు ఎక్కే చోట ఉన్న ఎక్స్‌చేంజ్ దుకాణాలు నయం. థాయ్ ఏటీఎంలు విదేశీ కార్డుకు ప్రతిసారీ 220 బాట్ లేదా అంతకంటే ఎక్కువ తీసుకుంటాయి. అందుకే చిన్న మొత్తాలు పదే పదే తీయొద్దు. మిషన్ "రూపాయల్లో లెక్క చూపించమంటారా" అని అడిగితే వద్దనండి, బాట్‌లలోనే తీయండి. లేదంటే మార్పిడి రేటులో ఇంకో కోత పడుతుంది.

వీధి బళ్లు, పడవలు, చిన్న హోటళ్లు నగదే తీసుకుంటాయి. అక్కడ కనిపించే క్యూఆర్ కోడ్‌లు థాయ్ బ్యాంకు ఖాతాలవి, మన ఫోన్‌పే మీద ఆశ పెట్టుకోవద్దు. 1000 బాట్ నోటు టాక్సీ డ్రైవర్‌కు ఇస్తే చిల్లర లేదంటాడు. సెవెన్ ఇలెవెన్‌లో నీళ్ల సీసా కొని విడిపించుకోండి.

బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో కార్డుకు విదేశీ వాడకం ఆన్ చేయాలి. ఇది మర్చిపోయేవాళ్లు చాలామంది. అక్కడి సిమ్‌కు పాస్‌పోర్టు చూపాలి, ఈసిమ్ అయితే ఇక్కడి నుంచే కొనుక్కోవచ్చు. మన సిమ్ తీసేయొద్దు. ఓటీపీలు దానికే వస్తాయి. ప్లగ్గు విషయం: మన రెండు పిన్నుల చార్జర్ చాలా చోట్ల పడుతుంది, మూడు పిన్నులది పట్టదు. అడాప్టర్ ఒకటి పెట్టుకోండి.

6. విమానాశ్రయం నుంచి గదికి

సువర్ణభూమి కింది అంతస్తు నుంచి ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ ఉంది. చివరి స్టేషన్ ఫయా థాయ్ దాకా అరగంట లోపే, టికెట్ 45 బాట్. మక్కసాన్‌లో దిగితే ఎంఆర్‌టీ, ఫయా థాయ్‌లో దిగితే బీటీఎస్. పెద్ద సూట్‌కేసులు నాలుగుంటే మాత్రం రైలు వద్దు, టాక్సీ తీసుకోండి. ఒకటో అంతస్తులో మిషన్ నుంచి చీటీ వస్తుంది, దాని మీద ఉన్న నంబరు దగ్గర మీ టాక్సీ ఉంటుంది. మీటరు మీద వచ్చినదానికి 50 బాట్ విమానాశ్రయ రుసుము, ఎక్స్‌ప్రెస్ వే ఎక్కితే టోల్ అదనం. లోపల "టాక్సీ? టాక్సీ?" అంటూ దగ్గరికి వచ్చేవాళ్లతో బేరం పెట్టుకోవద్దు.

డాన్ మువాంగ్‌లో దిగితే రెడ్ లైన్ రైలు ఎక్కి క్రుంగ్ థెప్ అఫివత్ స్టేషన్‌కు వెళ్లండి, అక్కడ ఎంఆర్‌టీ దొరుకుతుంది.

7. ఊళ్లో తిరగడం

బీటీఎస్ అంటే పైన వెళ్లే రైలు, 1999లో మొదలైంది. ఎంఆర్‌టీ ఊరి మధ్యలో భూమి కింద వెళ్తుంది, 2004 నుంచి ఉంది. రెండూ వేరు సంస్థలవి, టికెట్లు వేరు. ఎంఆర్‌టీలో వీసా, మాస్టర్‌కార్డ్ కాంటాక్ట్‌లెస్ కార్డును గేటు దగ్గర తాకిస్తే చాలు. రూపే కాకుండా ఈ రెండింటిలో ఒకటి ఉంచుకోండి. బీటీఎస్‌కు ముందే డబ్బు వేసి వాడే ర్యాబిట్ కార్డు తీసుకోవచ్చు, పాస్‌పోర్టు అడుగుతారు. ఉదయం ఏడు నుంచి తొమ్మిది, సాయంత్రం ఐదు నుంచి ఏడు మధ్య బీటీఎస్‌లో నిలబడటానికి కూడా చోటు దొరకదు.

నది మీద పడవలు ఉన్నాయి. బీటీఎస్ సఫాన్ తాక్సిన్ స్టేషన్‌లో దిగితే కిందనే సాథోన్ రేవు. నారింజ రంగు జెండా ఉన్న పడవ ఎక్కండి, అది ఊరి జనం వాడేది, 20 బాట్ లోపే. పక్కనే నీలి జెండా పడవ టికెట్ అమ్మే కౌంటర్ పెద్దగా కనిపిస్తుంది. అది టూరిస్టులది, రేటు ఎక్కువ. మోసం ఏమీ కాదు, సీట్లు సుఖంగా ఉంటాయి. కానీ వెళ్లేది అదే నది మీద, అవే రేవులకు.

టాక్సీ కావాలంటే గ్రాబ్, బోల్ట్ యాప్‌లు బాగా పని చేస్తాయి. వీధిలో ఆపిన టాక్సీ మీటరు వేయనంటే దిగిపోండి. తుక్‌తుక్ మన ఆటోకు దగ్గరి చుట్టం, కానీ టాక్సీ కంటే చవక అనుకోవద్దు, చాలాసార్లు ఎక్కువే. సరదాకు ఒకసారి ఎక్కండి, ధర ముందే మాట్లాడుకుని.

8. రోజులు ఎలా పంచుకోవాలి

రోజుకు ఒక ప్రాంతమే. ఉదయం ఆరుబయట, మధ్యాహ్నం ఏసీలో, సాయంత్రం మళ్లీ బయట. ఈ వరస తప్పితే పెద్దవాళ్లు రెండో రోజుకే నీరసపడిపోతారు.

మొదటి రోజు నది వెంట. గ్రాండ్ ప్యాలెస్ ఉదయం 8:30కి తెరుస్తారు, మధ్యాహ్నం 3:30కి టికెట్లు ఆపేస్తారు, విదేశీయులకు 500 బాట్. రాచకుటుంబ కార్యక్రమాలున్న రోజుల్లో మూసేస్తారు, ముందు రాత్రి వాళ్ల అధికారిక సైట్ చూసుకోండి. సాథోన్ నుంచి పడవలో తా చాంగ్ రేవులో దిగి, తెరిచే సమయానికే గేటు దగ్గర ఉండండి. పది దాటితే బస్సుల జనం వస్తారు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు మగవాళ్లకైనా ఆడవాళ్లకైనా తప్పనిసరి. చున్నీ కప్పుకుంటే సరిపోతుందనుకోవద్దు, చేతులున్న జాకెట్టో కుర్తానో వేసుకోండి.

లోపల అందరూ ఎమరాల్డ్ బుద్ధుడి కోసం వరస కడతారు. పచ్చరాతి విగ్రహం, ఎత్తు సుమారు 66 సెంటీమీటర్లే, ఎత్తైన పీఠం మీద ఉంటుంది. ఏడాదికి మూడు కాలాలకు మూడు సార్లు బట్టలు మారుస్తారు. అది చూశాక చాలామంది ఫొటోలు దిగి బయటపడతారు. మీరు మాత్రం చుట్టూ ఉన్న వరండాకు గంట సమయం ఇవ్వండి. ఆ గోడల మీద 178 చిత్రాల్లో రామకియెన్ ఉంది, అంటే థాయ్ రామాయణం. కథ ఉత్తర ద్వారం దగ్గర మొదలై ప్రదక్షిణగా సాగుతుంది. బంగారు పూతతో గీసిన లంక, సేతువు కట్టే కోతులు, యుద్ధాలు. తెల్లటి హనుమంతుడిని పిల్లలు వెంటనే గుర్తుపడతారు. అయితే ఈ హనుమంతుడు మన బ్రహ్మచారి కాదు. సేతువు రాళ్లను దొంగిలిస్తున్న మత్స్యకన్యను ఆపబోయి ఆమెనే ప్రేమిస్తాడు, వాళ్లకు ఒక కొడుకు కూడా. ఇంట్లో నాయనమ్మ ఉంటే ఈ సంగతి కాస్త ముందే చెప్పి తీసుకెళ్లండి. ద్వారాల దగ్గర నిలబడ్డ నిలువెత్తు యక్షుల్లో ఆకుపచ్చ ఒంటితో ఉన్నవాడు రావణుడే, అక్కడ తోత్సకాన్ అంటారు. ఈ నగరాన్ని 1782లో రాజధాని చేసిన రాజును మొదటి రాముడిగా లెక్కపెడతారు, ఇప్పటి రాజు పదో రాముడు. ఇదంతా తెలిసి చూస్తే ఆ 500 బాట్‌లు దండగ అనిపించవు.

అక్కడి నుంచి నడిచి వాట్ ఫో (వాట్ అంటే బౌద్ధ ఆలయం). 46 మీటర్ల పొడవున్న శయన బుద్ధుడు, అరికాళ్ల మీద ముత్యపు చిప్పతో చేసిన 108 శుభ చిహ్నాలు. టికెట్ 300 బాట్. థాయ్ మసాజ్ నేర్పే పాత పాఠశాల ఈ ఆవరణలోనే ఉంది, కాళ్లు నొప్పి పుట్టి ఉంటే అక్కడే మసాజ్ చేయించుకోవచ్చు. తర్వాత తా తియెన్ రేవులో చిన్న పడవ ఎక్కి అవతలి ఒడ్డున వాట్ అరుణ్. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందనుంచి చూస్తే చాలు. సాయంత్రం ఇవతలి ఒడ్డుకు వచ్చి చూస్తే ఇంకా బాగుంటుంది.

రెండో రోజు సియామ్, రాచప్రసోంగ్ వైపు. చిత్ లోమ్ స్టేషన్ పక్కనే ఎరవాన్ మందిరం. హోటల్ కడుతుంటే ప్రమాదాలు జరుగుతున్నాయని 1956లో నాలుగు ముఖాల బ్రహ్మను ప్రతిష్ఠించారు. మన దగ్గర బ్రహ్మకు గుడి చాలా అరుదు, అక్కడ నాలుగు రోడ్ల కూడలిలో రోజంతా పూలదండలు, అగరొత్తులు, మొక్కు తీరినవాళ్లు పెట్టించే నాట్యాలు. అదే కూడలి చుట్టూ మాల్స్, హోటళ్ల ముందు త్రిమూర్తి, గణేశుడు, గరుడుడి మీద నారాయణుడు కూడా ఉన్నారు. మధ్యాహ్నం మాల్స్‌లో గడపండి. చవక బట్టలకు ప్లాటినమ్ మాల్, ప్రతూనామ్ మార్కెట్. మూడు, అంతకుమించి జతలు కొంటే హోల్‌సేల్ ధర ఇస్తారు.

మూడో రోజు ఎంఆర్‌టీలో. హువా లంఫోంగ్‌లో దిగి వాట్ త్రైమిత్. అక్కడి బంగారు బుద్ధుడు ఐదున్నర టన్నులు. ఎన్నో ఏళ్లు సున్నం పూతతో మామూలు విగ్రహంలా ఉండిపోయి, 1955లో తరలిస్తుంటే కింద పడి పూత పగలడంతో లోపలి బంగారం బయటపడింది. ఆ పక్కనే చైనా టౌన్ యావోవరాత్, దాన్ని సాయంత్రానికి ఉంచుకోండి. సామ్ యోత్ స్టేషన్ దగ్గర ఫాహురత్, చీరలు, పూజా సామాను, పెద్ద గురుద్వారా ఉన్న లిటిల్ ఇండియా. అక్కడికి నడక దూరంలో పాక్ ఖ్లోంగ్ పూల మార్కెట్ ఉంది. శని, ఆదివారాలు కలిసొస్తే ఉదయం చతుచక్ మార్కెట్‌కు వెళ్లి, వేడెక్కకముందే పదకొండుకల్లా బయటపడండి.

నాలుగో రోజు అయుత్తయ. 80 కిలోమీటర్ల దూరం, రైలులో గంటన్నర నుంచి రెండు గంటలు. హువా లంఫోంగ్ నుంచి వెళ్లే మామూలు రైలు మూడో తరగతి టికెట్ మన ప్యాసింజర్ రైలు ధరలో ఉంటుంది. 1767లో బర్మా సైన్యం తగలబెట్టే దాకా అదే రాజధాని. వాట్ మహాథాత్‌లో చెట్టు వేళ్ల మధ్య చిక్కుకున్న బుద్ధుడి తల ఉంది. ఫొటో తీసుకునేటప్పుడు మీ తల దానికంటే కిందికి ఉండేలా కూర్చోవాలి. తలలేని విగ్రహాల వెనక నిలబడి మీ తల పెట్టి ఫొటో దిగడం లాంటివి అస్సలు చేయొద్దు.

నీటి మీద బజారు చూడాలన్నవాళ్లకు: ఫొటోల్లో కనిపించే దామ్నోన్ సదువాక్ ఊరికి వంద కిలోమీటర్లు. ఇప్పుడది పూర్తిగా టూరిస్టుల కోసమే. నాలుగు రోజుల్లో దానికి చోటు లేదు.

9. తిండి

కారం విషయంలో మనకు భయం లేదు. చిక్కంతా శాకాహారులకే. కూరగాయల వంటకం అని ఉన్నా అందులో చేపల రసం, ఆయిస్టర్ సాస్, రొయ్యల ముద్ద ఏదో ఒకటి పడుతుంది. "వెజ్" అంటే మాంసం ముక్కలు లేవన్న అర్థంలోనే తీసుకుంటారు. "గిన్ జే" అనండి. జే అంటే గుడ్డు, చేప, మాంసం ఏదీ లేనిది, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. పసుపు పచ్చ జెండా మీద ఎర్రగా 17 అంకెలా కనిపించే అక్షరం ఉన్న దుకాణాలు వెతకండి. సెప్టెంబర్, అక్టోబర్లలో, మన దసరా నవరాత్రుల సమయానికే తొమ్మిది రోజుల శాకాహార పండగ వస్తుంది. అప్పుడు యావోవరాత్ అంతా ఆ జెండాలే.

గుడ్డు తినేవాళ్లకు పని ఇంకొంచెం సులువు. ఫడ్ థాయ్ (వేయించిన నూడుల్స్) చేయించుకుని "మై సై నామ్ ప్లా", అంటే చేపల రసం వేయొద్దు అని చెప్పండి. బొప్పాయి సలాడ్ సోమ్ తామ్‌లో ఎండు రొయ్యలు వేస్తారు, అవీ వద్దని చెప్పాలి. మామిడిపండుతో జిగురు అన్నం, కొబ్బరి బోండాం, రంబుటాన్ ఎవరైనా తినొచ్చు. ఘాటు వాసన వచ్చే దురియన్ పండు రుచి చూడాలంటే రోడ్డు మీదే తినేయండి, హోటళ్లలోకి, రైళ్లలోకి తేనివ్వరు. అసోక్‌లోని టెర్మినల్ 21 మాల్‌లో పైఅంతస్తు ఫుడ్ కోర్టు చవక, శుభ్రం. కుళాయి నీళ్లు తాగొద్దు. ఇంకో ఊరట: టాయిలెట్లలో దాదాపు అన్నిచోట్లా నీళ్ల పైపు ఉంటుంది.

10. మర్యాదలు, మోసాలు

రాజు గురించి, రాచకుటుంబం గురించి జోకులు, సోషల్ మీడియా పోస్టులు వద్దే వద్దు. అక్కడి చట్టం ప్రకారం ఒక్కో నేరానికి మూడు నుంచి 15 ఏళ్ల జైలు. ఎవరి తలా తాకొద్దు, చిన్నపిల్లలను ముద్దుగా కూడా. కాళ్లు విగ్రహం వైపు చాపొద్దు. ఆడవాళ్లు భిక్షువులను తాకకూడదు, చేతికి ఏమీ నేరుగా ఇవ్వకూడదు. ఈ-సిగరెట్లు నిషేధం, బ్యాగులో కూడా ఉండకూడదు.

గ్రాండ్ ప్యాలెస్ బయట చక్కటి బట్టలేసుకున్న మనిషి వచ్చి "ఈ రోజు ప్యాలెస్ మూసేశారు, మధ్యాహ్నం తెరుస్తారు, ఈలోగా 20 బాట్‌లకు తుక్‌తుక్‌లో నాలుగు గుళ్లు చూపిస్తాం" అంటాడు. ఆ తుక్‌తుక్ చివరికి రత్నాల దుకాణం దగ్గర ఆగుతుంది. "ప్రభుత్వ సేల్, ఇవాళే ఆఖరు, మీ ఊళ్లో రెట్టింపుకు అమ్ముకోవచ్చు" అంటారు. దశాబ్దాలుగా నడుస్తున్న నాటకం ఇది, ఇప్పటికీ పడేవాళ్లు పడుతూనే ఉన్నారు. ఏమీ మాట్లాడకుండా గేటు దాకా నడవండి.

ఇబ్బంది వస్తే టూరిస్ట్ పోలీస్ 1155, ఇంగ్లిష్‌లో మాట్లాడతారు. అంబులెన్స్ 1669. మన రాయబార కార్యాలయం సుఖుమ్‌విత్ సోయ్ 23లో ఉంది.

11. తిరుగు ప్రయాణం

ఒకే రోజు ఒకే దుకాణంలో 2,000 బాట్‌లు, ఆపైన కొంటే వ్యాట్ వాపసు ఫారం అడగండి. కస్టమ్స్ ముద్ర అవసరమైతే సామాను చెక్ ఇన్ చేయకముందే వేయించుకోవాలి, ఇది చాలామంది తిరగేసి చేస్తారు. బుద్ధ విగ్రహాలు పెద్దవి, పాతవి కొనొద్దు. బయటికి తేవాలంటే అనుమతి కావాలి.

2022లో థాయ్‌లాండ్ గంజాయి మీద ఆంక్షలు సడలించింది, 2025లో మళ్లీ బిగించింది. దుకాణాలు ఇంకా కనిపిస్తాయి. అక్కడ ఏదైనా సరే, ఇక్కడికి తేవడం నేరం. బ్యాంకాక్ నుంచి వచ్చే హైడ్రోపోనిక్ (మట్టి లేకుండా పెంచే) గంజాయి శంషాబాద్‌లో తరచూ పట్టుబడుతోంది, కాబట్టి ఆ విమానాల సామాను మీద నిఘా గట్టిగా ఉంటుంది. "ఈ చాక్లెట్ల ప్యాకెట్ మా తమ్ముడికి ఇచ్చేయండి" అని తెలుగువాడే అడిగినా తీసుకోవద్దు.

విమానానికి మూడు గంటల ముందు చేరండి, సాయంత్రం అయితే రైల్లోనే వెళ్లండి. మిగిలిన నోట్లు మార్చుకోవచ్చు గానీ నాణేలు ఎవరూ తీసుకోరు. సువర్ణభూమి ఒకటో అంతస్తులో 8వ గేటు దగ్గర ఉద్యోగులు తినే ఫుడ్ కోర్టు ఉంది, పైఅంతస్తు ధరలతో పోలిస్తే చాలా చవక. నాణేలన్నీ అక్కడే ఖర్చు చేసి సెక్యూరిటీకి వెళ్లండి.